తుప్పు వేరు, గీత వేరు

పాడైపోయిన వస్తువుని బాగుచెయ్యడం మంచిపనే. ఇందులో ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా ‘బాగు’ అంటే ఏమిటన్న దగ్గర మొదలవుతుంది. కుర్చీ కాలు విరిగితే, మళ్ళీ కూర్చోడానికి వీలుగా అతికిస్తే బాగైనట్టు. కానీ అది తాతగారి కుర్చీ అయితే? ఆయన చేతులు ఆనించి ఆనించి నునుపెక్కిన చోట రంగు పోయింది. అక్కడ కొత్తగా వార్నిష్ వెయ్యాలా, అలా వదిలెయ్యాలా? వడ్రంగి రెండూ చెయ్యగలడు. ఏది చెయ్యాలో మాత్రం వడ్రంగం చెప్పదు. అది చేతిపనికి సంబంధించిన ప్రశ్న కాదు, నీతికి సంబంధించినది అని నా వాదన. ఆ వాదనని కుర్చీతో కాకుండా నాకు కాస్త బాగా తెలిసిన వస్తువుతో చేస్తాను. 1950ల్లో అమెరికాలో పెట్రోలు బంకుల ముందూ, బార్బర్ షాపుల్లోనూ, మిల్లుల విరామపు గదుల్లోనూ నిలబడి, నాణెం వేస్తే చల్లటి కూల్‌డ్రింకు సీసా ఇచ్చిన యంత్రాలు.

నేనుండేది సౌత్ కరోలినాలో, కొండలకి దగ్గరగా ఉండే ఎగువ ప్రాంతంలో. వారమంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. శని, ఆదివారాలు గరాజ్‌లో ఈ యంత్రాలతో కాపురం. ఏడాదికి రెండు, మహా అయితే మూడు పూర్తవుతాయి. కొన్ని నావి, కొన్ని ఎవరో తెచ్చి అప్పగించినవి. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు రెండు రోజులు పక్కన కుర్చీ వేసుకుని చూశారు. మూడో రోజు, “ఏరా, పాత ఇనప్పెట్టెకి ఇంత భాగోతం ఏంట్రా? గీకి, ఇంత రంగు కొట్టి పారెయ్యక!” అన్నారు. ఆయన అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. ఈ వ్యాసం మిగతా సగం గురించి.

ముందు ఈ యంత్రాల సంగతి. కన్సాస్ సిటీలో వెండో, చట్టనూగాలో కావలియర్, ఫ్రెస్నోలో వెండోలేటర్ అనే కంపెనీలు వీటిని తయారు చేసేవి. వెండో వాళ్ళ 44 అనే మోడల్ని సేకర్తలు నెత్తిన పెట్టుకుంటారు. పదహారు అంగుళాల వెడల్పు, ఇంచుమించు మనిషి భుజం ఎత్తు, గుండ్రటి అంచులు, ఎర్రటి రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలు, లోపల నలభై నాలుగు సీసాలు. బయటి నుంచి చూస్తే బొమ్మలా ఉంటుంది. తలుపు తీస్తే ఒక ఫ్రిజ్జూ, ఒక తక్కెడా, ఒక తాళమూ కలిసి చేసుకున్న ఒప్పందంలా ఉంటుంది.

నాకు వీటిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం నాణేల పెట్టె. దానికో కథ ఉంది. 1886లో మొదలైనప్పుడు కోకా-కోలా గ్లాసు ఐదు సెంట్లు. 1899లో చట్టనూగాకి చెందిన ఇద్దరు లాయర్లు దాన్ని సీసాల్లో నింపి అమ్ముకునే హక్కుని ఒక్క డాలరుకి రాయించుకున్నారు. సిరప్పు ధర మారదని ఒప్పందం. అంటే సీసా ధర పెరిగితే వచ్చే లాభం కంపెనీది కాదు, అమ్మకాలు తగ్గితే వచ్చే నష్టం మాత్రం కంపెనీదే. అందుకని ఐదు సెంట్లే అని కంపెనీ తన ప్రకటనల్లో ఊరూరా చాటింది. తరవాత ఆ ఒప్పందం మారింది. కానీ ఈలోగా యంత్రాలు వచ్చేశాయి, వాటి గొంతులో పట్టేది ఐదు సెంట్ల నికెల్ నాణెం ఒక్కటే. ఆరు సెంట్లు చెయ్యాలంటే రెండు రకాల నాణేలు కావాలి. పది చేస్తే ధర ఒక్కసారిగా రెట్టింపు. 1953లో కంపెనీ పెద్ద రాబర్ట్ వుడ్‌రఫ్ తన స్నేహితుడైన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని ఏడున్నర సెంట్ల నాణెం ముద్రించమని అడిగాడు. ఆ కోరిక నెరవేరలేదు. 1959 నాటికి ఐదు సెంట్ల సీసా కథ ముగిసింది. డెబ్బై యేళ్ళ పాటు ఒక దేశంలో ఒక ధర కదలకపోవడానికి ఉన్న కారణాల్లో ఒక ఇనప చీలిక కూడా ఉందంటే, వస్తువులు మన మాట వింటాయా, మనం వాటి మాట వింటామా అని సందేహం వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక నాణేల పెట్టెలో ఆకురాయితో అరగదీసిన గుర్తులున్నాయి. ముందు ఐదు సెంట్లకి పనిచేసిన దాన్ని ఎవరో మెకానిక్ పది సెంట్లకి మార్చాడు. యజమాని “అసలు ఎలా ఉండేదో అలా చెయ్యండి” అన్నాడు. ఐదు అసలా, పది అసలా? ఫ్యాక్టరీలోంచి వచ్చింది ఐదుతో. కానీ అది ఎక్కువ కాలం బతికింది పదితో.

మన భాషలో ‘అసలు’ అన్న మాటకి రెండర్థాలున్నాయి. నకలుకి ఎదురుగా నిలబడే అసలు ఒకటి, వడ్డీకి ఎదురుగా నిలబడే అసలు ఇంకొకటి. పాత వస్తువుల వ్యాపారంలో అందరూ మొదటి అర్థంలోనే మాట్లాడతారు: ఇది అసలుదా, నకిలీదా? నాకు రెండోది ఎక్కువ పనికొచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఉన్నది అసలు. ఆ తరవాత దాని మీద చేరినదంతా వడ్డీ. రంగు పొరలు, మెకానిక్కుల గుర్తులు, ఎవరో తన్నిన సొట్ట, ఎవరో అతికించిన స్టిక్కరు. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనవల్ని చూసి అంటారు. పాత వస్తువుల విషయంలో మాత్రం వడ్డీని గీకేసి అసలుని మాత్రమే ఇంటికి తీసుకెళ్ళాలని చూస్తాం.

*

ఇలాంటి చర్చల్లో థీసియస్ ఓడ ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే ఒడ్డుకి చేర్చేస్తాను. పలకలన్నీ ఒక్కొక్కటే మార్చేస్తే అది అదే ఓడేనా అని ప్లూటార్క్ రాసిన ప్రశ్న. తీసేసిన పాత పలకలతో ఇంకో ఓడ కడితే ఏది అసలుదని తరవాత హాబ్స్ మెలిక పెట్టాడు. మన వైపు మిలిందుడికి నాగసేనుడు చెప్పిన రథం ఉండనే ఉంది. చక్రమా రథం? ఇరుసా రథం? ఏదీ కాదు, అన్నీ కూడిన చోట మనం పెట్టుకున్న పేరు రథం. నాకు నాగసేనుడి జవాబు చాలు. కంప్రెసర్ మార్చినా, తలుపు రబ్బరు మార్చినా, దాన్ని ఆ యంత్రమే అని పిలవడానికి నాకు ఇబ్బంది లేదు.

నన్ను ఇబ్బంది పెట్టేది వేరే ప్రశ్న. అది అదే యంత్రమా అని కాదు. దాని నుంచి నేను తీసేస్తున్నది ఎవరిది అని.

ఈ ప్రశ్న మీద కొట్టుకున్నవాళ్ళు నాకన్నా ముందు చాలామంది ఉన్నారు. 1849లో రస్కిన్, పునరుద్ధరణ అనేది పచ్చి అబద్ధమనీ, పాత కట్టడాన్ని కూల్చడం కన్నా అది ఘోరమనీ వాదించాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో వియొలే-ల్-డ్యుక్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. ఆయన లెక్కలో పునరుద్ధరణ అంటే కట్టడాన్ని సంపూర్ణమైన స్థితికి తీసుకురావడం, ఆ స్థితి ఎన్నడూ ఏ కాలంలోనూ ఉండకపోయినా సరే. నూరేళ్ళ తరవాత 1964లో వెనిస్‌లో నిపుణులు కూర్చుని ఒక పత్రం రాసుకున్నారు. అందులో రెండు సూత్రాలు నా గరాజ్‌కి సరిగ్గా సరిపోతాయి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది మొదటిది. కట్టడం మీద అన్ని కాలాలూ చేర్చినవాటిని గౌరవించాలి, శైలి అంతా ఒకేలా ఉండాలన్నది లక్ష్యం కాకూడదన్నది రెండోది.

వాళ్ళు చర్చిల గురించీ కోటల గురించీ రాశారు, సోడా పెట్టెల గురించి కాదు. నాన్న అడిగింది కూడా అదే కదా, ఇనప్పెట్టెకి ఇంత భాగోతం ఎందుకని. నా జవాబు ఇది. పెద్ద వాటికి కాపలా ఉంటుంది. నాగార్జునసాగర్ కింద మునిగిపోయే కట్టడాలని రాయి రాయీ విప్పి కొండ మీదికి చేర్చడానికి పురావస్తు శాఖ ఉంది. మిల్లు విరామపు గదిలో నిలబడిన సీసాల యంత్రానికి ఏ శాఖా ఉండదు. ఆ క్షణంలో సాండర్ ఎవరి చేతిలో ఉంటే వాడే దాని పురావస్తు శాఖ. వస్తువు చిన్నదైన కొద్దీ ఆ చేతి మీద పడే బాధ్యత పెరుగుతుంది.

*

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ క్రితం ఒకాయన ఇలాంటి యంత్రాన్ని ట్రక్కులో వేసుకుని తెచ్చాడు. రిటైరైన పెద్దమనిషి, తెల్లాయన. అది ఈ చుట్టుపక్కల మూతపడిన ఒక నూలు మిల్లులోది. వాళ్ళమ్మ ఆ మిల్లులో 1950ల చివరి నుంచీ ఇరవై యేళ్ళకు పైగా పనిచేసింది. “అమ్మ చూసినప్పుడు ఎలా ఉండేదో అలా కావాలి నాకు. ఎర్రగా, తళతళలాడుతూ” అన్నాడు.

పని మొదలుపెట్టాను. పైన గోడలకి వేసే తెల్ల రంగు, చేత్తో బ్రష్షుతో కొట్టింది. ఎక్కువగా ముందువైపే ఉంది. దాని కింద నీలం. అంటే మధ్యలో ఎప్పుడో అది ఇంకో రకం డ్రింకుకి మారింది. నీలం కింద ఫ్యాక్టరీ ఎరుపు. ఎడమ పక్క రేకు మీద దీపం వాలుగా పెట్టి చూస్తే గీతలు కనిపించాయి. తాళంచెవితోనో మేకుతోనో చెక్కిన పొడి అక్షరాలు, ఎనిమిది తొమ్మిది మందివి. ఒక చోట 1971 అని ఉంది. ఒక మూల నాలుగు నిలువు గీతల మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. ఎవరో ఏదో లెక్కపెట్టుకున్నారు. షిఫ్టులో, పందేలో, బాకీలో. గీతలన్నీ నీలం రంగుని చీల్చుకుని లోపలి ఎరుపు దాకా వెళ్ళాయి. నీలం వేశాక చెక్కినవన్నమాట.

ఈ వరస ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఈ రాష్ట్రం చరిత్ర కొంత తెలియాలి. 1915లో సౌత్ కరోలినా ఒక చట్టం చేసింది. నూలు మిల్లుల్లో వేర్వేరు జాతుల కార్మికులు ఒకే గదిలో పనిచెయ్యకూడదు. ఒకే ద్వారాన్ని ఒకే సమయంలో వాడకూడదు. ఒకే మరుగుదొడ్డి వాడకూడదు. ఆ చట్టం అక్కడితో ఆగలేదు. తాగే నీళ్ళ బకెట్లు, గ్లాసులు, నీళ్ళు ముంచుకునే గరిటెలు కూడా పేరుపేరునా రాసి, కలిపి వాడకూడదంది. నేల కడిగేవాళ్ళలాంటి కొందరికి మినహాయింపు. మగ్గాల దగ్గరా కదుళ్ళ దగ్గరా ఉద్యోగాలు తెల్లవాళ్ళవే. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాకే నల్లవాళ్ళు పెద్ద సంఖ్యలో ఈ మిల్లుల్లోకి కార్మికులుగా అడుగుపెట్టారు. మంచినీళ్ళ గరిటెకి కులం ఉండటం ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు. రెండు గ్లాసుల హోటళ్ళ సంగతి మనకి తెలియంది కాదు.

ఇప్పుడు యంత్రాన్ని చూడండి. యంత్రానికి మనిషి రంగుతో పని లేదు. ఐదు సెంట్లు ఎవరు వేసినా సీసా ఇస్తుంది. కానీ అది నిలబడిన గదికి తలుపుంది, ఆ తలుపుకి చట్టం ఉంది. ఎర్రగా మెరిసిన రోజుల్లో ఆ యంత్రం ముందు నిలబడి నాణెం వెయ్యగలిగినవాళ్ళు ఎవరు? నీలం రంగు వేసిన తరవాత, 1971 అని ఎవరో చెక్కిన నాటికి, నిలబడగలిగినవాళ్ళు ఎవరు? ఆ పొడి అక్షరాలు ఎవరివో అక్షరాలు చెప్పవు. కానీ అవి చెక్కిన కాలం ఏదో రంగు పొరలు చెబుతాయి.

‘మొదట ఉన్నట్టు’ చెయ్యడం అంటే, నేను నీలాన్ని గీకి ఎరుపు దగ్గర ఆగాలి. అంటే అందరూ ఆ గదిలోకి వచ్చిన కాలాన్ని తీసేసి, కొందరికే తలుపు తెరుచుకున్న కాలం దగ్గర ఆగాలి. పైకి ఇది రంగు పని. లోపల మాత్రం తేదీని ఎంచుకునే పని. ఏ పునరుద్ధరణైనా ముందు ఒక తేదీని ఎంచుకుంటుంది, ఎంచుకున్నట్టు మనకి చెప్పదు.

*

అయితే ఏదీ ముట్టుకోకూడదా? తుప్పుని కూడా పూజించాలా? ఈ మధ్య అదో ఫ్యాషన్ అయింది. తుప్పు పట్టిన తలుపుకి ఎక్కువ ధర పలుకుతుంది. వెనిగరూ ఉప్పూ హైడ్రోజన్ పెరాక్సైడూ కలిపి పిచికారీ కొడితే కొత్త రేకు మీద గంటలో తుప్పు పుట్టించవచ్చు. పాతదాన్ని కొత్తగా చూపించడం ఒక అబద్ధం అనుకుంటే, కొత్తదాన్ని పాతగా చూపించడం దాని తమ్ముడు.

నేను చేసుకున్న విభజన చాలా మోటుది. తుప్పు వేరు, గీత వేరు.

తుప్పు ఎవరూ చేసింది కాదు. గాలీ తేమా ఇనుమూ కలిస్తే వస్తుంది. అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు. చెప్పకపోగా, చెప్పేవాటిని తినేస్తుంది. ఇంకో పదేళ్ళు వదిలేస్తే ఆ పొడి అక్షరాలున్న రేకే మిగలదు. కాబట్టి తుప్పుని తీసెయ్యడం గతానికి ద్రోహం కాదు, సేవ. తియ్యడంలోనూ పద్ధతులున్నాయి. ఇసకతో కొడితే పని త్వరగా అవుతుంది గానీ, పల్చటి రేకు వంకర్లు పోతుంది. బేకింగ్ సోడా పొడితో కొడితే రంగు పోయి లోహం మిగులుతుంది. 1980ల్లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ లోపలి రాగిని శుభ్రం చెయ్యడానికి వాడింది ఈ సోడానే. సోడా యంత్రాన్ని సోడాతో కడగడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

గీత అలా కాదు. అది ఒక మనిషి చేసిన పని. విరామం పదిహేను నిమిషాలు, చేతిలో తాళంచెవి, ఎదురుగా రేకు. “నేనూ ఇక్కడున్నాను” అని తప్ప ఇంకే సందేశం లేదు. ఆ మనిషి దాన్ని కళ అనుకోలేదు, చరిత్ర అనుకోలేదు. బహుశా మేనేజరు చూస్తే తిట్టేవాడు కూడా. అయినా అది సాక్ష్యం. సాక్షిని అడగకుండా సాక్ష్యాన్ని చెరిపే హక్కు ఎవరికుంది?

ఇక్కడ నా విభజనకి ఒక చిక్కు ఉంది. మనుషులు చేసినదంతా ఉంచాలంటే కొన్ని ప్రాణాంతకమైనవి కూడా ఉంచాలి. ఈ యంత్రాలకి వచ్చిన కరెంటు వైరు మీది రబ్బరు ఇప్పటికి పొడి పొడి అయిపోయి ఉంటుంది. ప్లగ్గుకి రెండే కాళ్ళు, ఎర్త్ లేదు. ఒంటి నిండా ఇనుము. లోపల తీగ తగిలితే తలుపు పట్టుకున్నవాడి గతి ఏమిటి? అది ఎంత ‘అసలు’దైనా నేను ఉంచను.

గ్యాస్ సంగతి ఇంకా లోతైనది. వీటి కంప్రెసర్లలో ఉండేది ఆర్-12, ఫ్రియాన్ అని పిలిచేది. అంతకు ముందు ఫ్రిజ్జుల్లో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. అవి కారి మనుషులు చనిపోయేవారు. 1920ల చివర్లో థామస్ మిడ్జ్‌లీ బృందం మంట అంటుకోని, విషం కాని వాయువుని తయారు చేసింది. అప్పటి లెక్కలో అది ప్రాణాలు కాపాడిన ఆవిష్కరణ. 1974లో మొలీనా, రోలండ్ ఆ జాతి వాయువులు పైకి వెళ్ళి ఓజోన్ పొరని తినేస్తాయని చూపించారు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1995తో అమెరికాలో దాని తయారీ ఆగింది. ఇప్పుడు దాన్ని గాలిలోకి వదలడం నేరం. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే తియ్యాలి, పట్టి పెట్టాలి. యంత్రం మొదట చల్లబడింది ఏ గ్యాస్‌తోనో దానితోనే చల్లబరచాలని పట్టుబట్టే స్వచ్ఛతావాదులు నాకు తెలుసు. నేను పట్టుబట్టను. గతానికి విధేయంగా ఉండటమంటే దాని హానిని కొనసాగించడం కాదు.

కాబట్టి నాకు రెండు గదులు సరిపోలేదు, మూడు కావలసి వచ్చాయి. కాలం చేసినది తీసెయ్యొచ్చు. మనుషులు రాసినది ఉంచాలి. ఇప్పటికీ హాని చేసేది మార్చాలి, కానీ మార్చినట్టు చెప్పాలి.

“మరి ఆ ఎరుపు కూడా హాని చేసినదే కదా, వేరుచేసిన కాలానిది. దాన్ని కూడా మార్చెయ్యొచ్చుగా?” అని మీరు అడగవచ్చు. తేడా ఉంది. పాత వైరు ఉంటేనే షాక్ కొడుతుంది. పాత అన్యాయం అలా కాదు. దాని గుర్తు ఉన్నందువల్ల కొట్టదు, గుర్తు లేకుండా చేసి పైన మెరుగు పెట్టినప్పుడు కొడుతుంది. ఎరుపు ఉండాలి. నీలమూ ఉండాలి. ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే రెంటికీ అర్థం.

*

‘నాస్టాల్జియా’ అన్న మాటని 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి మీద బెంగకి జబ్బు పేరుగా తయారు చేశాడు. స్వెత్లానా బోయ్మ్ 2001లో రాసిన పుస్తకంలో దీన్ని రెండుగా విడదీసింది. పోయిన ఇంటిని మళ్ళీ కట్టి తీరాలనే బెంగ ఒకటి. పోయిందని ఒప్పుకుని, ఆ వెలితిలోనే కాసేపు నిలబడే బెంగ ఇంకొకటి. మొదటిది తనని తాను బెంగ అనుకోదు, సత్యం అనుకుంటుంది.

నేను చేసే పని మొదటి రకం బెంగకి పనిముట్లు అందించడమే కదా అని నాకు అనుమానం వస్తుంటుంది. ఎవరి బెంగ? 1950ల అమెరికా మీద బెంగ నాది కావడానికి వీల్లేదు. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి వంద మందికి వలస వచ్చే వీలుండేది. ఆ లెక్క 1965 తరవాతే మారింది. ఈ యంత్రం ఫ్యాక్టరీ దాటిన ఏడాది నాలాంటివాడు దాని ముందు నిలబడి ఉండటం దాదాపు అసంభవం. అంటే, నేను లేని గతానికి, నన్ను రానివ్వని గతానికి, నా చేతుల్తో నేనే మెరుగు పెడుతున్నాను. మిత్రులు దీన్ని వెటకారం చేస్తారు. “నీకు గోళీసోడా బండి మీద బెంగ ఉండాలి గానీ దీని మీద ఏమిటి?” అని. నిజమే. కానీ వేరేవాళ్ళ ఇల్లు ఊడ్చేవాడికి ఒక సౌకర్యం ఉంది. ఇంటివాళ్ళకి అలవాటై కనబడని మూలలు వాడికి కనబడతాయి.

*

ఆ పెద్దాయనకి ఫోన్ చేసి రమ్మన్నాను. దీపం వాలుగా పెట్టి గీతలు చూపించాను. రంగుల వరస చెప్పాను. చట్టం సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మా అమ్మ అలాంటి మనిషి కాదు” అన్నాడు.

“మీ అమ్మగారి గురించి నేనేమీ అనడం లేదు. ఆవిడ ఈ యంత్రాన్ని ఇరవై యేళ్ళు చూశారు. ఎరుపూ చూశారు, నీలమూ చూశారు. ఈ గీతలు కూడా చూసే ఉంటారు. ఆవిడ చూసినట్టు కావాలంటే ఏ రోజు చూసినట్టు?” అన్నాను.

“డబ్బిచ్చేది నేను” అన్నాడాయన, కోపంగా కాదు, గుర్తుచేస్తున్నట్టు.

ఆ మాటని తేలిగ్గా తీసుకోలేను. వస్తువు ఆయనది. చట్టంలో అయినా మర్యాదలో అయినా ఆఖరి మాట ఆయనది. నేను కాదంటే ఇంకో షాపు వాడు వారంలో చేసి ఇస్తాడు, ఇసక కొట్టి, ప్రైమర్ వేసి, పౌడర్ కోటింగ్ చేసి. ఆ షాపు వాణ్ణి తప్పుపట్టే అర్హత కూడా నాకు లేదు. ఒక్కో యంత్రానికి నాకు వంద గంటలకి పైనే పడుతుంది. దీని మీదే బతికేవాడు అన్ని గంటలు పెడితే పిల్లల ఫీజులు కట్టలేడు. దీపం వాలుగా పెట్టి గీతలు వెతుక్కునే తీరిక నా నెల జీతం నాకిచ్చింది. నీతికి కూడా పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి ఉన్నవాడు లేనివాడికి ఉపన్యాసం ఇవ్వకూడదు, తన పని తాను చేసుకోవాలి.

అయినా సొంతదారు కావడం, వారసుడు కావడం ఒకటి కాదని నాకనిపిస్తుంది. రేకు ఆయనది. గీతలు ఆయన కొన్నవి కావు, రేకుతో పాటు వచ్చినవి. పొలం కొన్నవాడికి అందులో దొరికిన శాసనం కూడా వచ్చినట్టు. పొలం దున్నుకోవచ్చు. శాసనాన్ని మెట్టుకి వాడుకుంటే చట్టం అడ్డుపడొచ్చు, పడకపోవచ్చు. తప్పన్న సంగతి మాత్రం వాడుకున్నవాడికి కూడా తెలుసు.

నేను ఆయనకి రెండు మాటలు చెప్పాను. ఎడమ రేకుని గీకే పని నేను చెయ్యను. మిగతా మూడు వైపులా మీరు కోరిన ఎరుపే వేస్తాను, ఆ రేకు కోసం పట్టిన గంటలకి డబ్బు తీసుకోను. వద్దంటే యంత్రాన్ని విప్పినది విప్పినట్టు బిగించి ఇచ్చేస్తాను. ఆయన వెళ్ళిపోయి, వారం తరవాత ఫోన్ చేసి సరే అన్నాడు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఎడమ రేకు మీద నీలాన్ని అలాగే ఉంచి, అంచుల తుప్పు ఆపి, పైన పారదర్శకమైన పూత మాత్రం వేశాను. యంత్రం తీసుకెళ్ళి తన ఇంట్లో ఎడమ వైపు గోడకి ఆనించి పెట్టుకున్నాడు. ఫోటో పంపించాడు. ముందు నుంచి చూస్తే నిగనిగలాడే ఎరుపు. గీతలు గోడ వైపు.

మొదట నాకు నిరాశగా అనిపించింది. ఇప్పుడు అంతగా లేదు. గోడ వైపు తిప్పినదాన్ని ఎప్పుడైనా ఇటు తిప్పొచ్చు. గీకేసినదాన్ని తిప్పలేం. పునరుద్ధరించేవాడి నుంచి కోరగలిగిన కనీస నీతి ఇదే అనుకుంటాను. తన తరవాత వచ్చేవాడికి నిర్ణయించుకునే అవకాశం మిగల్చడం. ఆ పెద్దాయన మనసు మారొచ్చు, మారకపోవచ్చు. ఆయన మనవరాలికి తోచొచ్చు. అప్పటికి రేకు ఉండాలి.

ఇప్పుడు నేను చేసే ప్రతి యంత్రం తలుపు లోపల ఒక కవరు అంటిస్తాను. అందులో ఒక కాగితం. వైరు మార్చాను, ఎందుకు. పాత గ్యాస్ సర్టిఫికెట్ ఉన్న మనిషి చేత తీయించాను, దాని బదులు ఏది ఎక్కించాం. తలుపు రబ్బరు కొత్తది, పాతదాని ముక్క ఇదిగో. రంగు పొరలు ఈ వరసలో ఉన్నాయి. ఉబ్బెత్తు అక్షరాల మీది తెలుపు నా ఊహ కాదు, కింద దొరికిన రంగుకి సరిపోల్చినది. పక్క రేకు మీద గీతలున్నాయి, వాటి ఫోటోలు ఇవి. కింద తేదీ వేసి నా పొడి అక్షరాలు రాస్తాను, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. తెలుగు ఎందుకంటే ఆ యంత్రం మీద చేరిన వడ్డీలో నేనూ ఒక పొరనే. ఇంకో అరవై యేళ్ళకి ఎవరో దాన్ని విప్పి, ఈ గుండ్రటి అక్షరాలేమిటో తెలియక తల గోక్కుంటారు. వాళ్ళు ఆ కవరుని ఉంచుతారా, పారేస్తారా అన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది.